సెలవుల్లో పిల్లలకు ఒక పని

పండగ గురించి పిల్లలకు చెప్పడం వేరు, పండగలో వాళ్ళకొక పని అప్పజెప్పడం వేరు. న్యూజెర్సీలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ నాకు మొదటిదానికే వీలుండేది. తిరుపతికి తిరిగొచ్చి ఇక్కడి బడిలో చేరాక రెండోదాని బలమేమిటో రోజూ చూస్తున్నాను. అక్కడ పిల్లల్ని పెంచుతున్న స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు, మన పండగలు పిల్లలకు ఎట్లా అబ్బుతాయని. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అమెరికా ప్రభుత్వ బడుల్లో మతాల గురించి పాఠం చెప్పొచ్చు, పిల్లల చేత ఆచరింపజేయకూడదు. అన్ని రకాల ఇళ్ళ నుంచి పిల్లలు వచ్చే చోట అది న్యాయమైన నియమం, నేను దాన్ని ఇష్టంగానే పాటించాను. డిసెంబరు వస్తే యూదుల హనుక్కా, క్రిస్మస్, ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజా మూడింటి గురించీ చదువుకునేవాళ్ళం. అంతకుముందు దీపావళికి ఒక పీరియడు, అది ప్రతి ఏడూ నాకే వచ్చేది. తరగతి గదిలో మంట వెలిగించకూడదు కాబట్టి కాగితంతో ప్రమిద చేసి, వత్తి ఉండాల్సిన చోట మెరుపు కాగితం అంటించేవాళ్ళు పిల్లలు. న్యూయార్క్ నగరపు ప్రభుత్వ బడులకు దీపావళి సెలవు ఇస్తూ 2023లో చట్టం వచ్చినప్పుడు మా తెలుగువాళ్ళందరికీ కడుపు నిండినట్టైంది. సెలవైతే వచ్చింది. ఆ రోజు పిల్లాడు పొద్దున లేచి ఏం చేయాలన్నది మాత్రం ఇంటివాళ్ళే చూసుకోవాలి.

సంక్రాంతి సంగతి ఇంకా కష్టం. అక్కడి శీతాకాలపు సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి, మనకేమో పండగ నెల మధ్యలో. అంత ఖర్చు పెట్టుకుని వచ్చినా ధనుర్మాసపు ముగ్గులు చూసి, పండగ చూడకుండానే విమానం ఎక్కాలి. మా అమ్మాయికి కనుమ అంటే చాలాకాలం వాళ్ళ తాత ఫోన్లో పంపే కోడెదూడ ఫోటో ఒక్కటే.

2024 వేసవిలో తిరిగొచ్చేశాం. మా ఆయన ఇప్పటికీ అమెరికా కంపెనీకే రాత్రిళ్ళు పని చేస్తారు. ఆయనకు థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ సెలవు, నాకూ పిల్లలకూ దసరాకీ సంక్రాంతికీ. ఒకే కప్పు కింద రెండు క్యాలెండర్లు నడుస్తాయి. పిల్లలు మాత్రం రెండు సెలవులూ మావేనంటారు, నేనూ కాదనను.

తిరుపతిలో టీచరుగా చేరినవాళ్ళకు ముందుగా అర్థం కావాల్సిన విషయం ఒకటుంది. మిగతా ఊళ్ళకు సెలవులంటే విశ్రాంతి. ఈ ఊరికి సెలవులంటే పని. దేశమంతా సెలవు తీసుకుని ఇక్కడికే వస్తుంది. మా తరగతిలో ఒకడి నాన్న ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడుపుతాడు. ఒకమ్మాయి వాళ్ళమ్మ పూలు కట్టి అమ్ముతుంది. ఇంకొకడి తాత లాడ్జిలో రాత్రి కాపలా. కొండ మీద ఉద్యోగం చేసేవాళ్ళ పిల్లలు, పోలీసుల పిల్లలు సరేసరి. ధనుర్మాసం మొదలై, కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే రోజుల నుంచే ఈ ఇళ్ళలో నాన్నలు కనిపించడం తగ్గుతుంది. వైకుంఠ ఏకాదశికైతే అసలు కనిపించరు. 2025లో ఆ ఏకాదశి రెండుసార్లు వచ్చింది, జనవరి 10న ఒకసారి, డిసెంబరు 30న ఇంకోసారి. "మీ ఇంట్లో పండగ ఎలా చేసుకున్నారు?" అని వ్యాసం రాయమంటే ఈ పిల్లలు ఏం రాస్తారు? పక్క పుస్తకంలో చూసి రాస్తారు.

ఆ జనవరి 8 రాత్రి మా ఊళ్ళోని బైరాగిపట్టెడలో, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగింది. ఆరుగురు చనిపోయారు. యాత్రకని ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. మర్నాడు మా పిల్లల నోట వేరే మాట లేదు. ఆ చుట్టుపక్కల వీధుల్లోనే ఉండే పిల్లలున్నారు, అంబులెన్సుల మోత విన్నవాళ్ళున్నారు. నేను అమెరికా బడి అలవాటుతో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరికి ఏం చెప్పాలని ఉంటే అది చెప్పమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడొక పిల్లాడు లేచి, "మేడమ్, మా అవ్వ రేత్రి మా వీధిలోకొచ్చినోళ్ళకి బిందెలతో నీళ్ళిచ్చింది, నేనూ మోసినా" అన్నాడు. దాంతో మిగతావాళ్ళ నోళ్ళూ తెరుచుకున్నాయి. ఏం జరిగిందో వర్ణించమంటే నోరు రాని పిల్లలు, మేమేం చేశామో చెప్పడానికి ముందుకొచ్చారు. వాడు చెప్పిన ఆ ఒక్క మాట నా పాఠం పద్ధతినే మార్చేసింది.

అప్పటి నుంచి నేను సెలవులకు రాసే హోంవర్కు తగ్గించి ఇంకొకటి ఇస్తున్నాను: ఇంట్లోనో వీధిలోనో పెద్దవాళ్ళ దగ్గర ఈ సీజన్‌లో చేసే పని ఒకటి నేర్చుకుని రండి. చూసి రావడం కాదు, చేతితో చేసి రావాలి. పూలు కట్టే తల్లి కూతురు కనకాంబరాలు, మరువం కలిపి మూర కట్టడం నేర్చుకుని వచ్చింది, తరగతిలో పది మందికి నేర్పింది కూడా. బస్సు నడిపే ఆయన కొడుకు, బండి తీసే ముందు నాన్న ఏమేం చూసుకుంటాడో వరసగా చెప్పాడు. తెల్లారుజామున నాన్నతోపాటు లేచి టీ కాచిచ్చింది తనేనట. క్రైస్తవుల ఇంటి పిల్లాడు వెదురుబద్దలూ రంగు కాగితమూ తెచ్చి, ఇంటి ముందు వేలాడదీసే నక్షత్రం చేసి చూపించాడు. ముస్లింల ఇంటి అమ్మాయి వాళ్ళ జాన్‌అమ్మ దగ్గర సేమ్యా వేయించడం నేర్చుకుంది. అది రంజాన్ పని కదా అని ఎవరో అంటే, "ముందుగా నేర్చుకున్నా" అంది.

వీటికి ఎదురుగా బడుల్లో జరిగే సాంస్కృతిక కార్యక్రమాలను పెట్టి చూడండి. పట్టు పావడా, అద్దెకు తెచ్చిన హరిదాసు వేషం, దూదితో చేసిన మంచు, సాంటా టోపీ, ఒక ఫోటో, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం, అయిపోయింది. పిల్లలకు సరదాగానే ఉంటుంది, వద్దని అనను. కానీ న్యూజెర్సీలో మేము చేసిన కాగితం ప్రమిదకూ, ఇక్కడి థర్మాకోల్ ఎద్దుకూ నాకు తేడా కనిపించదు. పండగ ఉన్న ఊళ్ళోనే ఉంటూ దాన్ని బొమ్మ చేసి చూపించడం నాకు బాధగా ఉంటుంది.

ఇంటి సంగతికొస్తే, మా అత్తగారి ఊరు చిత్తూరు జిల్లాలో పెనుమూరు వైపు. మా జిల్లాలో కనుమను పశువుల పండగ అంటాం. దాని పని తెల్లవారకముందే మొదలవుతుంది. నేరేడు చెక్క, మద్ది చెక్క, మారేడు చెక్క, నల్లేరు, ఇంకా మామగారికి తెలిసిన ఆకులూ బెరడులూ తెచ్చి, ఉప్పేసి రోట్లో దంచుతారు. దాన్ని ఉప్పుచెక్క అంటారు. పశువులకు ఏడాదికోసారి వేసే మందు అది. తినడానికి ఏ పశువూ ఒప్పుకోదు. తల పైకెత్తి పట్టుకుని నోట్లో పెట్టాలి. మా అమ్మాయికి రోకలి ఇచ్చారు, మా వాడికి దూడ పలుపు ఇచ్చారు. దూడ వాడిని దొడ్డంతా ఈడ్చింది. అరచేతులు ఒరుసుకుపోయినా వాడు పలుపు వదల్లేదు. తర్వాత చెరువుకు తోలుకుపోయి కడగడం, కొమ్ములు చెలిగి రంగు పూయడం, మెడలో గజ్జెల పట్టీ కట్టడం. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు వచ్చింది, దొడ్లో ఉన్నవి పాలకు పెట్టుకున్న జెర్సీ ఆవులు. "వీటికి కొమ్ములే సరిగ్గా లేవు, రంగెక్కడ పూయాలి?" అని మా వాడు తాతను అడిగితే, "ఉన్నంత వరకే పుయ్యి నాయనా" అన్నారు.

చిక్కల్లా పొలి దగ్గర వచ్చింది. పసుపూ కుంకుమా కలిపిన పొంగలిని "పొలో పొలి" అని అరుస్తూ పొలమంతా చల్లడాన్ని పొలి అంటారు. మా అమ్మాయి గిన్నె పట్టుకుని బయల్దేరింది. మా అత్తగారు ఆపేశారు. "ఆడపిల్లలు పొలికి పోయేది మనింట్లో లేదు మే, నువ్వు నాతో పొంగలికాడ ఉండు." అమ్మాయి ముఖం మాడిపోయింది. "తమ్ముడు పోవచ్చు, నేనెందుకు పోకూడదు?" అని నిలదీసింది. న్యూజెర్సీ బడి నేర్పిన ప్రశ్న అది, మంచి ప్రశ్న. దాన్ని నేను పండగ పేరు మీద నోరు మూయించను. అట్లాగని నలుగురి ముందు అత్తగారి మాట తీసేయడమూ నాకు చేతకాదు. "అత్తా, ఉప్పుచెక్క దంచిందీ పొంగలి పెట్టిందీ మనమే, చల్లేదానికి మాత్రం వద్దంటే అది ఊరుకుంటుందా?" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు. మామగారు గిన్నె మనవరాలి చేతికిచ్చి, "నా వెనక రా" అన్నారు. అత్తగారు ఆ పూటంతా నాతో ముభావంగా ఉన్నారు. సాయంత్రం ఊరి పశువులన్నీ పశువుల దేవరైన కాటమరాజు దగ్గరికి చేరి, చిట్లాకుప్పకు, అంటే పోగేసిన కంపకు, నిప్పు పెట్టేవేళకు మాత్రం మనవరాలిని ముందుకు లాక్కుని పక్కన నిలబెట్టుకున్నారు. మంటకు బెదిరి ఆవులు పరుగెత్తుతుంటే ఇద్దరూ కలిసే కేకలు పెట్టారు.

పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు పండగంటే తీపి జ్ఞాపకమే. ఇక్కడికొస్తే అందులో గొడవలుంటాయి, చెల్లని నియమాలుంటాయి, తెల్లవారుజాము చలి ఉంటుంది. పిల్లలు వాటిని కూడా చూడాలి. తమకు పని ఉన్న చోటే పిల్లలు ప్రశ్న అడుగుతారు. ప్రేక్షకులుగా కూర్చోబెడితే చప్పట్లు కొట్టి లేచిపోతారు.

అక్కడి నుంచి తెచ్చుకున్న పనులనూ నేను మానిపించలేదు. డిసెంబరులో మా పిల్లలు తమకు సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతగా కార్డులు చేసి ఇచ్చేవాళ్ళు, ఇప్పుడూ చేస్తున్నారు. స్కూలు వ్యాను డ్రైవరుకు, పాలాయనకు, ఆయాకు. ఆయా ఆ కార్డును సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. క్రిస్మస్ రోజు మా పిల్లల నాన్నకు సెలవు కాబట్టి ముగ్గురూ కలిసి కేకు చేస్తారు. ఓవెన్ లేదని మా అమ్మ ఇసుక పోసిన కుక్కర్లో చేయడం నేర్పింది. అది మా అమ్మ చిన్నప్పటి నుంచీ చేస్తున్న పద్ధతే.

సెలవుల్లో చదువు వెనకబడిపోతుందని, రాత పని ఇవ్వమని కొందరు తల్లిదండ్రులు మా హెడ్‌మాస్టరుకు చెప్పారు. ఆయన నన్ను పిలిచి అడిగితే, పిల్లలు నేర్చుకొచ్చిన పనిని మెట్టు మెట్టుగా తెలుగులో ఒక పేజీ రాయించి చూపిస్తానని ఒప్పుకున్నాను. రాయించాను కూడా. పూలు కట్టే అమ్మాయి పేజీలో దారం ఎంత తడపాలో కూడా ఉంది. ఈ వేసవిలో గంగజాతర వస్తుంది, అది సెలవుల్లోనే. పిల్లలకు ఆ పని చీటీ ముందుగానే ఇచ్చేస్తాను.