జ్వరం లేని లీవ్ లెటర్

జూన్ 12న బడి తెరవగానే మా హెడ్మాస్టరు గారు అడిగే మొదటి కాగితం వార్షిక ప్రణాళిక. ఏడాది చివరికి ఏ క్లాసు పిల్లలకి ఏమేం రావాలో అందులో రాసివ్వాలి, ‘అభ్యసన ఫలితాలు’ అంటారు వాటిని. నేను కోనసీమలో ఒక లంకని ఆనుకుని ఉన్న ఊరి హైస్కూల్లో ఇంగ్లిష్ మాస్టారిని. నిజం చెప్పాలంటే చాలా ఏళ్లుగా పాత కాగితం మీద తారీఖు మార్చి ఇచ్చేస్తున్నాను. “విద్యార్థి విని అర్థం చేసుకుంటాడు, ధారాళంగా మాట్లాడతాడు, భావయుక్తంగా చదువుతాడు, సృజనాత్మకంగా రాస్తాడు.” చదవడానికి బానే ఉంటుంది. కానీ మార్చిలో ఎవరైనా వచ్చి ఇందులో ఏది వచ్చింది, ఏది రాలేదు అనడిగితే నేను తేల్చి చెప్పలేను. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2019లో సెకండరీ తరగతులకి ఈ ఫలితాలన్నీ ఒక పుస్తకంగా వేశారు, దాన్ని తప్పు పట్టను, కాకపోతే అది దేశం మొత్తానికి రాసింది. నా ముందు కూర్చున్న తొమ్మిదో తరగతికి అందులోంచి ఏం ఏరుకోవాలో నేనే కదా చూసుకోవాలి.

తొమ్మిదే ఎందుకంటే, సెకండరీ చదువుకి అదే మొదటి ఏడు. పదికి వెళ్తే పబ్లిక్ పరీక్ష టెన్షన్, 35 మార్కుల గోల, ఇక కొత్తగా ఏదీ నేర్పనివ్వరు, నేర్చుకోరు. ఏదన్నా చేస్తే ఈ ఏడాదే చెయ్యాలి.

ఈసారి కాగితం మార్చడానికి కారణం లీవ్ లెటర్లు. పోయినేడు స్లిప్ టెస్టులో క్లాస్ టీచరుకి సెలవు చీటీ రాయమన్నాను. నలభై ఒక్క పేపర్లు వచ్చాయి, నలభై ఒక్కరికీ జ్వరమే. “యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్”, గైడులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. ఒకడు మాత్రం తొందరలో ‘సఫరింగ్ ఫ్రమ్ ఫాదర్’ అని రాశాడు. వాళ్ల నాన్నని నేనెరుగుదును కాబట్టి దానికి ఒక మార్కు వేద్దామా అనిపించింది గానీ వెయ్యలేదు. నవ్వుకుని కట్ట కట్టేశాక ఆలోచన మొదలైంది. ఈ పిల్లలు బడి మానేది జ్వరంతో కాదు. తోటలో కొబ్బరికాయల దింపు ఉంటే మానతారు, కాయ లెక్క పెట్టడానికి మనిషి కావాలి. రాత్రంతా చెరువులో రొయ్యలు పట్టే పని ఉంటే మర్నాడు నిద్ర చాలక మానతారు. మూడేళ్ల తర్వాత అమ్మ కువైట్ నుంచి వస్తోందంటే మానతారు, కాజ్‌వే మీదకి నీళ్లొస్తే మానతారు. ఇవేవీ ఇంగ్లిష్‌లోకి రాలేదు, ఎందుకంటే గైడులో లేవు. తొమ్మిదేళ్లు ఇంగ్లిష్ చదివిన పిల్లాడికి తన ఇంట్లో జరిగిన సంగతి అయిదు వాక్యాల్లో చెప్పడం రాలేదంటే మేం ఇన్నాళ్లూ నేర్పింది ఏంటి?

అందుకని మొదటి లక్ష్యం ఇలా రాసుకున్నాను: గైడు చూడకుండా, నిజంగా జరిగిన ఒక సంగతి గురించి, అయిదు వాక్యాలు. అంతే. తప్పులుండొచ్చు, అబద్ధం ఉండకూడదు. మొదటి వారం క్లాసంతా దిక్కులు చూసింది. ఒకమ్మాయి లేచి “దింపుని ఇంగ్లిష్‌లో ఏమంటారండి మాస్టారూ?” అంది. నాకూ వెంటనే తోచలేదు, తోచిన మాటేమో మా ఊళ్లో ఎవరూ అనేది కాదు. దింపు అనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, అదేంటో ఇంకో వాక్యంలో చెప్పమన్నాను. ఆ ఇంకో వాక్యమే అసలు పాఠం అయింది.

వ్యాకరణం సంగతికొస్తే, పెద్దగా పెట్టుకోలేదు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’, మనకి రెండింటికీ ఒకే వస్తాను. ఇంగ్లిష్‌కి అవి వేరు. కాబట్టి “ఐ కమ్ టుమారో” అన్నవాణ్ణి మొద్దు అనడం మానేశాను, వాడు తెలుగు సరిగ్గానే మాట్లాడుతున్నాడు. ఏ, యాన్, ద ల జోలికి ఈ ఏడాది గట్టిగా పోను, అవి మన భాషలో లేనే లేవు, చదవగా చదవగా పడతాయి. ‘డిడ్ నాట్ వెంట్’ ఒక్కటి మాత్రం మార్చికల్లా పోవాలి. అది పోతే నాకు చాలు.

చదవడం దగ్గరికొస్తే, లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పిల్లల కళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. నా ఇంగ్లిష్ పాఠానికి ఎదురు పేజీ లేదు గానీ నేనున్నాను, ఒక్కో వాక్యం తెలుగు చేసి పెడుతూ. అది ఆపాలి. రెండో లక్ష్యం: ఎప్పుడూ చూడని అరపేజీ చేతికిస్తే, నేను నోరు తెరవకుండా నాలుగు ప్రశ్నలకి జవాబులు వెతుక్కోవాలి. దానికి నేనే ఒక వరద బులెటిన్ ఇంగ్లిష్‌లో రాసి ఇచ్చాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా పిల్లలకి నిద్రలో లేపి అడిగినా తెలుసు, 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటడం కళ్లారా చూసినవాళ్లు. అంకెలు తెలుసు కాబట్టి ‘రైజింగ్’ ఏంటో, ‘రిసీడింగ్’ ఏంటో వాళ్లే లాక్కున్నారు. తర్వాత రొయ్యల మేత బస్తా మీది అక్షరాలు రాసుకు రమ్మన్నాను. ‘క్రూడ్ ప్రోటీన్’ అంటే మురికి ప్రోటీనా అని గొడవ. బావుంది గొడవ.

అన్నట్టు ఇంగ్లిష్ మా ఊళ్లకి బడి ద్వారా రాలేదు, కాలువ ద్వారా వచ్చింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, దాంతో పాటే కాలువల మీద పడవలు దాటించే తలుపులు, లాకులు వచ్చాయి. ఏ నాయనమ్మనడిగినా ‘లాకుల దగ్గర’ అంటుంది, అది ఇంగ్లిష్ మాటని ఆవిడకి తెలీదు. చెరువుల మీద రైతు ‘ముప్పై కౌంటు’ అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగుతాయని. ఇలాంటివి ఇంట్లో ఇరవై ఏరుకు రమ్మంటే ముప్పై అయిదు తెచ్చినవాళ్లున్నారు.

మాట్లాడటమే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. పదో తరగతి ఇంగ్లిష్ పేపరు వంద మార్కులూ రాతే, నోరు తెరిచినందుకు ఒక్క మార్కు లేదు. సరే, అది మన చేతిలో లేదు. కానీ పిల్లలు నన్ను ఇంగ్లిష్‌లో ఏదీ అడగకపోవడానికి భయమే కారణమనుకునేవాణ్ణి. ఒకరోజు ఒక కుర్రాడు “సర్ ఈజ్ కమింగ్ టుమారో సర్?” అన్నాడు, నన్నే. ‘ఆర్ యూ’ అనరా అంటే తల వంచుకుని, “మిమ్మల్ని యూ అని ఎలా అంటానండి, నువ్వు అన్నట్టుంటుంది” అన్నాడు. ఆయ్, అండీ లేకుండా వాక్యం ముగించని ఊళ్లో పుట్టినవాడు మరి! ఇన్నేళ్లలో నాకు ఇది తట్టనే లేదు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఇంగ్లిష్‌లో అండి ఎక్కడ దాక్కుని ఉంటుందో చెప్పాను: ‘మే ఐ’లో, ‘కుడ్ యూ ప్లీజ్’లో. వాక్యం చివర కాదు, మొదట్లోనే ఉంటుందని. మూడో లక్ష్యం అలా పుట్టింది: రోజుకి ఒక్కరైనా నన్ను ఇంగ్లిష్‌లో ఒక ప్రశ్న అడగాలి, అండితో సహా.

హెడ్మాస్టరు గారు కాగితం చూసి “మూడేనా మాస్టారూ? పైవాళ్లొస్తే ఏం చూపిస్తాం?” అన్నారు. ఆయన బాధ ఆయనది. ఫైల్లోకి పాత కాగితమే తారీఖు మార్చి ఇచ్చాను, ఈ మూడూ మాత్రం క్లాసు గోడ మీద అట్టముక్క మీద రాయించాను. ఆ పని ధైర్యం కిందకి వస్తుందో రాదో మీరే అనుకోండి.

మొన్న సోమవారం మెట్ల దగ్గర ఒకడు నీరసంగా నిలబడి ఉన్నాడు, చేతిలో తెల్ల కాగితం, పెన్ను. ఏంట్రా అంటే, “నిజంగానే జ్వరం వచ్చిందండి మాస్టారూ, ఇప్పుడేం రాయాలండి?” అన్నాడు.