పండగా, దండగా

అక్టోబరు 10, 2024, గురువారం. ఖమ్మం.

పొద్దున్నే నాన్న ఫోను, అశ్వారావుపేట తోటలోంచి. మాటల మధ్యలో గెల తెగి దబ్బున కింద పడ్డ చప్పుడు కూడా వినపడింది. "ఈ నెల టన్ను 17,000 దాటిందిరా!" గొంతులో నవ్వు. ఆరెకరాల పామాయిల్ తోట మాది. పోయిన నెల రేటుతో చూసుకుంటే నెలకి పది వేల దాకా ఎక్కువొచ్చేట్టుంది.

సాయంత్రం కిరాణా కొట్లో పామాయిల్ ప్యాకెట్ 125 అన్నాడు. మొన్నటిదాకా వంద లోపే. మా ఆవిడ రెండు తీసి, ఒకటి మళ్ళీ అరలో పెట్టేసింది. "మామయ్యగారికి పండగ, మనకి దండగ" అంది.

రెండింటికీ మూలం ఒకటే. సెప్టెంబరు 14 నుంచి కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. ముడి పామాయిల్ మీద సెస్సులతో కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 అయింది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. అందులో పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో కాకినాడ లాంటి రేవులకొచ్చి అక్కడే రిఫైన్ అవుతుంది. ఆ నూనె ఎంతకి పడితే దాన్నిబట్టే మా గెలకి ధర. అందుకే నాన్న ఊళ్ళో కబుర్లకంటే ఇండోనేషియా కబుర్లు ఎక్కువ పట్టించుకుంటాడు. 2022 ఏప్రిల్ ఆఖర్లో వాళ్ళు ఎగుమతులు ఆపేసిన రోజుల్లో ఇక్కడ టన్ను 20,000 పైనే ఉంది. నెల తిరక్కుండానే నిషేధం ఎత్తేశారు. తర్వాత్తర్వాత మా రేటు 13,000 కిందికి జారింది. చెట్టు మాత్రం ఎప్పటిలాగే కాసింది, దానికేం తెలుసు.

సుంకం పెంచడం సబబే అనిపిస్తుంది నాకు, రైతు కొడుకుని కాబట్టి. నాటిన నాలుగేళ్ళకి గానీ కాపు రాదు. మధ్యలో ధర పడిపోతే పీకి ఇంకోటి వేసుకునే పంటా కాదు. కానీ వీధి చివర బజ్జీల బండి దగ్గర ఆ మాట నోట్లోంచి రాలేదు. ఇరవైకి నాలుగు ఇచ్చే ఆవిడ ఇవాళ మూడే పొట్లం కట్టింది. "డబ్బా మీద నాలుగొందలు పెరిగింది బాబూ" అంటూ చిల్లుల గరిటెని మూకుడు అంచుకి కొట్టి, ఆఖరి చుక్క దాకా నూనె కారనిచ్చింది. ఆ నాలుగొందల్లో కాస్త మా తోటకే చేరిందని చెప్పలేకపోయాను. పొట్లం తీసుకుని వచ్చేశాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, దసరాకి వచ్చేటప్పుడు నూనె ఏమైనా తేవాలా అని అడిగాను.

"గానుగలో వేరుశనగ నూనె రెండు కిలోలు పట్టించుకురా. మీ నాన్న పామాయిల్ ముట్టడుగా" అంది.