అరచేతికి తెలిసిన అయిదు సెంటీమీటర్లు

అంబులెన్సులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను, నైట్ డ్యూటీలు ముగించుకొని ఉప్పల్‌లోని గదికి చేరిన తర్వాత, ఫోన్‌లోనే ఆన్‌లైన్ రిఫ్రెషర్ కోర్సు పూర్తిచేశాను. గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలనీ, ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వాలనీ పాఠం చక్కగానే చెప్పింది. అర్థం కానిచోట వెనక్కి జరిపి మళ్లీ చూసుకునే వెసులుబాటు తరగతి గదిలో ఎక్కడిది?

అయితే ఆ 5 సెంటీమీటర్లు ఎంతో నా అరచేతికి తెలిసింది మాత్రం నిన్న బొమ్మ మీద సాధన చేసినప్పుడే. ఆన్‌లైన్ పరీక్షలో నూటికి 96 తెచ్చుకున్న నేను, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వకుండా దానిమీదే వాలిపోతున్నానని శిక్షకురాలు నా మోచేతులు సరిచేస్తూ చూపించారు. రెండు నిమిషాలకే చెమటలు పట్టాయి. నొక్కే మనిషి మారవలసింది కూడా సరిగ్గా అప్పుడేనట. పాఠంలో ఆ ముక్కను నిద్రమత్తులో దాటేసినట్టున్నాను.