గురువు గొంతు పక్కన గొంతు

మా అమ్మాయి డాలస్ శివార్లలో పుట్టి పెరిగింది. కర్ణాటక సంగీతం మాత్రం మా సొంత ఊరు తిరుపతిలో ఉన్న గురువుగారి దగ్గర నేర్చుకుంది, ఇప్పుడు దాన్నే వృత్తిగా చేసుకోవాలనుకుంటోంది. మనం విదేశాల్లో ఉన్నా పిల్లలకు మంచి పాఠం, మంచి వేదిక సమకూర్చగలం. గురువు పాడుతుండగా పక్కన కూర్చుని గొంతు కలపడం ఒక్కటే ఇక్కడి నుంచి ఇవ్వలేం. పాటే జీవితమనుకునే పిల్లలకు అన్నిటికన్నా అవసరమైనది అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చిన్నప్పటి నుంచీ పాఠాలన్నీ కంప్యూటర్ ముందే జరిగాయి. వేసవిలో మాకు శనివారం ఉదయం 7:30 అయితే తిరుపతిలో సాయంత్రం 6 గంటలు, శీతాకాలంలో 7 గంటలు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, మలహరిలో గీతాలు, ఆపైన వర్ణాలు, కృతులు అన్నీ ఆ పద్ధతిలోనే, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, తాళం తప్పకుండా వచ్చాయి. గురువుగారి ఓపికకు మేము ఎన్నటికీ రుణపడి ఉంటాం. అయితే మాట అటు నుంచి ఇటు చేరడానికి పట్టే ఆ కాసింత ఆలస్యం వల్ల ఇద్దరూ కలిసి పాడడం కుదరదు: ఆయన పాడి ఆపాలి, ఈమె అందుకోవాలి. పైగా వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ ఆగకుండా మోగే తంబురా శ్రుతిని ఫ్యాన్ చప్పుడు లాంటి రొదగా లెక్కగట్టి వినపడకుండా చేస్తుంది. ఆ సెట్టింగ్ తీసేయాలని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరేలోగా కొంతకాలం తిరుపతిలో ఉంటానని తనే అడిగింది. మా అమ్మ ఇంట్లో ఉంటూ, తెల్లవారుజామునే అకార సాధన ముగించుకుని గురువుగారింటికి వెళ్లేది. మొదట్లో తోడి రాగం పట్టుకున్నారు. తోడిలో గాంధారాన్ని (గ) ఉన్నచోట నిలబెట్టరు, రిషభం (రి) దగ్గర నుంచి మధ్యమం (మ) వైపు ఊగుతూ పలుకుతుంది. ఆ ఊపు ఎంత, ఎక్కడ నెమ్మదించాలి అన్నది స్వరలిపిలో రాయగలిగేది కాదు. మా అమ్మాయి ఆ స్వరాన్ని తెలిసినట్టే పాడేది, కానీ వణికించేది. గురువుగారు దాని గురించి ఏమీ వివరించలేదట. ఆ స్వరం వచ్చే ఒక్క సంగతినే, అంటే పాటలోని ఆ చిన్న స్వరాల మలుపునే, తనూ పాడుతూ ఆమెతో పాడించారు, పక్కనున్న ఇద్దరు శిష్యులనూ కలపమన్నారు. నలుగురి గొంతుల మధ్య తన గొంతు ఎక్కడ విడిపోతోందో ఆమెకే వినపడడం మొదలయ్యాక వణుకు తగ్గింది. నేను సెలవు పెట్టి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని ఆ పాఠం విన్నాను. దూరం నుంచి ఏళ్ల తరబడి దిద్దినా లొంగని స్వరం అది.

అమెరికా బడిలో తోచిన ప్రశ్న వెంటనే అడగడం నేర్పుతారు. గురువుగారింట్లో ముందు పాడాలి, పాఠం అయ్యాక అడగాలి. ప్రశ్నలకు వేళ వేరైందే కాని విలువ తగ్గలేదని, కాఫీ తాగుతూ గురువుగారు ప్రతిదానికీ జవాబు చెప్పేవారని మా అమ్మాయి సంతోషంగా చెప్పేది.

తిరుపతిలో ఉండడం వల్ల అన్నమయ్య సంకీర్తనల విషయంలో మరో మేలు జరిగింది. ఆ సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి కాని స్వరాలు లేవు. మనం పాడుకునే వరుసలు చాలామటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దంలో కూర్చినవి. అందువల్ల ఒకే సంకీర్తన రెండు రాగాల్లో వినిపించడం మామూలే. రికార్డింగులు విని నేర్చుకున్న పిల్లలకు ఏ బాణీ ఎవరిదో తెలియదు. 1978 నుంచి తితిదే అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేసి, ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కూర్చిన బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలో కన్నుమూశారు. ఆయన పాడగా ఎదురుగా కూర్చుని విన్నవారు తిరుపతిలో వీధికొకరుంటారు. మహతి ఆడిటోరియంలో ముందు వరుసల్లో కూర్చునే ఆ శ్రోతలకు ఒక సంగతి జారినా తెలిసిపోతుంది, బాగా పలికితే తల ఊపుతారు. అటువంటి శ్రోతలు కూడా గురువులే.

ప్రవాసంలో మనం అరంగేట్రానికి తొందరపడతాం. హాలు, భోజనాలు, పట్టుచీరలు, కాలేజీ దరఖాస్తులో ఒక వాక్యం. ఆ వేడుకను నేను తప్పుపట్టను, కానీ గాయనిగా జీవితం అక్కడ మొదలు కాదు. మా అమ్మాయి విషయంలో అది గురువుగారి వెనుక తంబురా పట్టుకుని కూర్చోవడంతో మొదలైంది, తరవాత గాత్ర సహకారం, అంటే కచేరీలో ఆయనతో గొంతు కలపడం. ఆయన రాగాలాపనలో ఎక్కడ ఆగుతారో, పైషడ్జం (పై స్థాయి 'స') ముందు తను ఎప్పుడు మౌనంగా ఉండాలో, ఒకే పాదాన్ని రకరకాలుగా మలిచి పాడే నెరవల్‌లో ఆ పాదాన్ని ఎక్కడ అందుకోవాలో కచేరీ జరుగుతుండగానే నేర్చుకోవాలి. ఆ తరవాతే ఒక గుడి ఉత్సవంలో గంటసేపు సొంతంగా పాడమన్నారు. వర్ణం, రెండు కృతులు, అప్పటికప్పుడు అల్లి పాడే కల్పన స్వరాలతో ఒక ప్రధాన కృతి, చివర రెండు సంకీర్తనలు. ఏవి పాడాలో నిర్ణయించుకోవడానికే వారం పట్టింది.

ఈ దశలో పారితోషికం దాదాపు ఉండదు. చెన్నై డిసెంబరు సీజన్‌లోనూ కొత్తవారికి దక్కేది మధ్యాహ్నపు కచేరీయే. వయొలిన్, మృదంగం విద్వాంసులకు మాత్రం తగిన సంభావన ఇచ్చుకోవాలి, అది న్యాయం. వేదిక ఇవ్వడానికే డబ్బు అడిగేవారు ఉంటారు, వారికి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదన్నది మా ఇంట్లో నియమం. డాలర్లున్న మనం అలా కొంటూపోతే తిరుపతిలో, చిత్తూరులో అంతకన్నా బాగా పాడే పిల్లల చోటు పోతుంది.

ఇప్పుడు ఆమె ఉద్యోగం చేస్తూ, ఏడాదిలో కొన్ని నెలలు తిరుపతి నుంచే పని చేసుకునేలా కంపెనీ దగ్గర అనుమతి తెచ్చుకుంది. విమానం ఖర్చు కొన్నాళ్లు మేము పెట్టుకుంటాం, పక్కవాద్యాల సంభావన తన జీతంలోంచి ఇస్తుంది. వచ్చే మార్గశిరంలో గురువుగారి కచేరీలకు వెనుక కూర్చోవడానికి మళ్లీ వెళుతోంది, సొంత కచేరీ సంగతి ఆయన చెప్పినప్పుడే చూసుకుంటామన్నాం.