గేటు దగ్గరి పుస్తకం

మా ఎదురు ఫ్లాట్ 302 ఆయన మొన్న లిఫ్టులో కనిపించి, "రాత్రి పదకొండు నలభైకి వచ్చినట్టున్నారు, పెళ్లి బాగా జరిగిందా?" అని అడిగారు. పెళ్లి బాగానే జరిగింది. కానీ నేను తాళం తీసేటప్పటికి వాళ్లింట్లో లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి. చూసింది ఆయన కాలింగ్ బెల్లులోని కెమెరా. అది సరిగ్గా మా గుమ్మం వైపే ఉంటుంది. నేను నైటీలో వచ్చి పాలప్యాకెట్ తీసుకోవడం, మా ఆయన చెత్తబుట్ట పెట్టడం మర్చిపోయి మళ్లీ తలుపు తీయడం, అన్నీ ఆయన ఫోన్‌లోకి వెళ్తాయి. మనిషి మంచివాడు. ఊరెళ్తే మా మొక్కలకి నీళ్లు పోసేది ఆయనే. అందుకే ఏమీ అనలేక నవ్వేసి వచ్చాను.

అసలు అనే మొహం కూడా నాకు లేదు. ఈ బిల్డింగులో అందరి వివరాలూ రాయించుకోవడం మొదలుపెట్టింది నేనే.

2021లో అసోసియేషన్ సెక్రెటరీగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఆ పని నా నెత్తిన పడింది. మాది దిల్‌సుఖ్‌నగర్ పక్కన 24 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ బాంబులు పేలినప్పుడు నేను మలక్‌పేట దగ్గర బస్సులో ఉన్నాను. గంటన్నర పాటు ఇంటికి ఫోన్ కలవలేదు. ఆ గంటన్నర గడిపినవాళ్ల దగ్గరికొచ్చి "కెమెరాలు ఎందుకండీ" అంటే ఎవరూ వినరు, నేనూ వినను. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం కూడా వచ్చింది. వంద మంది, అంతకు మించి జనం చేరే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు దాచాలి.

నాకు ఆ 30 రోజులు అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది. నేను పెట్టించిన విజిటర్స్ పుస్తకానికి అలాంటి గడువేదీ లేదు. పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాట్, ఎందుకు, వచ్చిన టైము, వెళ్లిన టైము. ఆరు గళ్లు, స్కేలుతో గీతలు గీసింది నేనే. పుస్తకం నిండితే కొత్తది కొనేవాళ్లం, పాతది మోటారు గదిలో పడేసేవాళ్లం. ఆ గదికి తాళం ఉండదు.

ఇంత చేస్తే దొంగ దొరికాడా? సెల్లార్‌లో రెండు బండ్ల బ్యాటరీలు పోయిన రోజు పుస్తకం తీసి చూశాం. "కొరియర్, 401" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. నంబరుకి చేస్తే తొమ్మిది అంకెలే ఉన్నాయి. కెమెరాలో హెల్మెట్ కనిపించింది, మొహం కనిపించలేదు. వాచ్‌మన్ భార్య మాత్రం అప్పుడే అంది: "చేతిల సంచే లేదమ్మా, ఉత్త చేతుల్తోని కొరియరాయన ఎట్లయితడు? నేను అడుగుదామనుకున్న. బుక్కుల రాసిండు గదా అని ఊకున్న." పుస్తకం లేకపోతే ఆమె అడిగి ఉండేది. ఈ మాట మీటింగులో చెప్తే "అయితే ఇంకో రెండు కెమెరాలు పెడదాం" అని తీర్మానం చేశారు.

నాకు నిజంగా బుద్ధొచ్చింది మా ఆడపడుచు కూతురి వల్ల. బతుకమ్మకి వచ్చింది పిల్ల. గేటు దగ్గర అడిగారని నంబరు రాసింది. రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో "హాయ్, 301కి వచ్చింది మీరేనా, పచ్చ లంగావోణీ" అని మెసేజ్. ఎవరో ఆ పిల్ల కింది వరసలో పేరు రాస్తూ పైవరస చదువుకున్నాడు, అంతే. పిల్ల బ్లాక్ చేసి ఊరుకుంది. మా ఆడపడుచు మాత్రం ఫోన్ చేసి, "వదినా, మీ సెక్యూరిటీ బాగానే ఉంది" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆధార్ జిరాక్సుల సంగతి ఇంకా ఘోరం. అద్దెకొచ్చే ప్రతివాళ్ల దగ్గరా తీసుకున్నాను. 2022 మే చివర్లో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటించింది. నాకు గుండె గుభేలుమంది. రెండు రోజులకే ఆ ప్రకటన వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలన్నారు. హమ్మయ్య అనుకుని ఫైలు అటక మీదే ఉంచాను, చింతపండు డబ్బా పక్కన. ఆ మామూలు జాగ్రత్తేమిటో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఖాళీ చేసి నాలుగేళ్లయినవాళ్ల పుట్టినతేదీలు కూడా అందులోనే ఉన్నాయి.

మొన్న ఆదివారం ఆ ఫైలు దించాను. ముప్పై ఏడు కాగితాలు. ఇప్పుడు ఉంటున్నవాళ్లవి పక్కన పెట్టి, మాస్క్‌డ్‌వి తెచ్చిచ్చి వీటిని తీసుకెళ్లమని చెప్పాను. మిగతావి కత్తెరతో ముక్కలు చేసి బకెట్లో నానబెట్టాను. మోటారు గదిలోని పుస్తకాలదీ అదే గతి. మా ఆయన చూసి, "ఏదైనా కేసులో ఇరుక్కున్నావా?" అన్నారు.

302 ఆయనతో కూడా చివరికి మాట్లాడాను. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారండీ అన్నాను. "దొంగలకి కాదు కదా మేడమ్" అన్నారు. సరే, కోర్టు వద్దులెండి, నా నైటీ సంగతి చూడండి అన్నాను. పాపం, ముఖం ఎర్రబడిపోయింది. సాయంత్రానికి కెమెరా మెట్ల వైపు తిరిగింది.

పుస్తకం ఇంకా ఉంది. ఫోన్ నంబరు గడి తీసేశాను. వచ్చినవాళ్లెవరైనా సరే, పై ఫ్లాటుకి ఇంటర్‌కమ్ కొట్టి అడగాలి. నిండిన నెలలోనే పుస్తకం నా చేతికి రావాలి.

నిన్న మా అన్నయ్య వరంగల్ నుంచి చెప్పకుండా వచ్చాడు. ఇంటర్‌కమ్ మోగింది. "అమ్మా, మీ అన్నొచ్చిండు, పంపిస్తున్న" అంది వాచ్‌మన్ భార్య. ఆమె వాణ్ని ఎప్పుడూ చూడలేదు. నీకెట్లా తెలుసే అంటే, "ముక్కు చూస్తె తెల్వదా?" అంది.