ఆ స్టూలును ఎక్కడి నుంచి చూశావమ్మా?

ఎనిమిదో తరగతిలో నేను వేసిన స్టూలు బొమ్మను డ్రాయింగ్ మాస్టారు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. పైన గుండ్రటి పలక, కింద నాలుగు కాళ్ళు. పలకను కంపాస్‌తో గీసినంత గుండ్రంగా వేశాను. నాలుగు కాళ్ళ చివర్లూ ఒకే గీత మీద ఆనేలా స్కేలు పెట్టి మరీ సరిచేశాను. బాగుందంటారని ఎదురుగా నిలబడి ఉన్నాను.

“దీన్ని ఎక్కడి నుంచి చూశావమ్మా?” అన్నారు.

“నా బెంచీ దగ్గర నుంచే మాస్టారూ.”

“పలక ఇంత గుండ్రంగా కనబడాలంటే పైకప్పు పట్టుకుని వేలాడాలి. కాళ్ళన్నీ ఒకే గీత మీద కనబడాలంటే నేల మీద బోర్లా పడుకోవాలి. రెండూ ఒకేసారి ఎలా చేశావు?”

పిల్లలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు నా ముఖంలోకి చూస్తున్నారు. నా దగ్గర జవాబు లేదని తేలాక, “స్టూలు గురించి నీకు తెలిసిందంతా వేశావు. కనబడింది ఇంకా వెయ్యలేదు, అంతే,” అని షీటు తిరిగి ఇచ్చారు.

బడి వదిలి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ బడి సంచికకి ఏం రాయాలా అని కూర్చుంటే ఆటల పోటీలు, వార్షికోత్సవాలు ఏవీ ముందుకు రాలేదు. ఆ ప్రశ్నే వచ్చింది. ఆ రోజు మొదలైన మాటలు పదో తరగతి దాకా డ్రాయింగ్ గదిలోనూ, తర్వాత ఆయన ఇంట్లోనూ, ఉత్తరాల్లోనూ సాగుతూనే వచ్చాయి.

డ్రాయింగ్ గది వరండా చివర ఉండేది. ఉత్తరం వైపు ఎత్తులో ఒకటే కిటికీ. ఆ గదిని ఆయన అడిగి తీసుకున్నారని తర్వాత తెలిసింది. అటునుంచి వచ్చే వెలుగులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు, నీడలు గంట గంటకీ జరిగిపోవు. బడి వదిలాక ఆయన అక్కడ సొంత బొమ్మలు వేసుకునేవారు. ఇద్దరం ముగ్గురం ఇంటికి పోకుండా ఉండిపోయేవాళ్ళం.

ఆ స్టూలుతోనే నాకు వారం రోజులు గడిచాయి. మొదట చెయ్యి బారుగా చాచి, పెన్సిల్ పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలితో కొలవడం నేర్పారు. పలక వెడల్పులో ఎత్తు ఎన్నో వంతు కనబడుతోంది? ఐదో వంతు కూడా లేదు. నమ్మలేక మళ్ళీ కొలిచాను. రోజూ కూర్చునే స్టూలు నా కళ్ళకి సన్నటి దీర్ఘవృత్తంగా కనబడుతోందని నాకే తెలియదు.

నాలుగో రోజున ఇంకో మాట అన్నారు. “కాళ్ళు వెయ్యకు. కాళ్ళ మధ్య ఖాళీలు వెయ్యి.”

అర్థం కాక నిలబడ్డాను. “కాలు ఎలా ఉంటుందో నీ మనసులో ఒక అచ్చు ఉంది. కాలు అనుకోగానే చెయ్యి ఆ అచ్చు దించేస్తుంది. ఈ ఖాళీ చూడు, దీనికి పేరు లేదు. పేరు లేనిదానికి అచ్చు ఉండదు. దాన్ని చూసి తీరాల్సిందే.”

ఖాళీలు వేశాను. ఒకటి వంకర త్రికోణం, ఒకటి కుడివైపు ఒరిగిపోయిన పలక, ఇంకొకటి సన్నటి చీలిక. అవన్నీ అయ్యేసరికి మధ్యలో మిగిలిన తెల్లటి చోట్లలో స్టూలు తనంతట తాను నిలబడి ఉంది. నా చేత్తో వేసిన వస్తువు కాగితం మీద బరువుగా ఆనడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ముఖాల దగ్గరా ఇదే తంతు. ముఖం వెయ్యమంటే అందరం కళ్ళను పైకి, నుదుటి దగ్గరికి తీసుకుపోయేవాళ్ళం. ఒకరి తల ఒకరం పెన్సిల్‌తో కొలుచుకున్నాం. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సగంలో ఉన్నాయి, అందరికీ. కళ్ళు, ముక్కు, నోరు మాట్లాడతాయి కాబట్టి వాటికి చోటంతా ఇచ్చేస్తాం, పైభాగంతో పని లేదు కాబట్టి కుదించేస్తాం అనేవారు మాస్టారు.

రంగుల్లోకి వచ్చాక ఒక తెల్ల కప్పును తెల్ల గుడ్డ మీద పెట్టి, తెల్ల రంగు ట్యూబు మాత్రం తీసి తన జేబులో వేసుకున్నారు. కళ్ళు చికిలించి చూడమన్నారు. రెప్పలు సగం మూస్తే వివరాలు చెదిరిపోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. చూడగా చూడగా కప్పు కడుపు కింద నీలం కలిసిన బూడిదరంగు కనబడింది. పక్కనే ఎర్ర అట్ట పుస్తకం ఉంటే అటువైపు కప్పు గులాబీ రంగుకి తిరిగింది. తెలుపు ఎక్కడుందని వెతికితే, అంచు మీద గోరంత మెరుపు. అదీ వెయ్యక్కర్లేదు, కాగితం తెలుపు వదిలేస్తే చాలు.

అప్పుడే షెవ్రోల్ సంగతి చెప్పారు. ఆయన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లో గోబ్లాఁ అనే చిత్రవస్త్రాల నేతశాలలో 1824 నుంచి అద్దకం పని ఆయన చేతిలో ఉండేది. నల్ల నూలు సరిగా నలుపు ఎక్కడం లేదని అక్కడ ఫిర్యాదు. రంగును పరీక్షిస్తే లోపమేమీ లేదు. ఆ నలుపును ఏ రంగు పక్కన నేస్తున్నారో అక్కడుంది కిటుకు. పక్క రంగు వల్ల నలుపు వెలిసినట్టు కనబడుతోంది. రంగులు పక్కపక్కన చేరితే ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో ఆయన పుస్తకం వేశాడు. తర్వాతి తరం చిత్రకారులకు అది గొప్ప ఆసరా అయింది. మాస్టారు ఒకే బూడిదరంగు కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి పసుపు మీద, ఒకటి నీలం మీద పెట్టి చూపించారు. రెండూ ఒకటేనని కత్తిరించిన నాకే నమ్మకం కలగలేదు.

ఇలా రెండేళ్ళు నేర్చుకునేసరికి నాకు కొంచెం గర్వం తలకెక్కింది. పదో తరగతి చరిత్ర పాఠంలో ప్రాచీన ఈజిప్టు బొమ్మ ఒకటి ఉంది. ముఖం పక్క నుంచి, కన్ను ఎదుటి నుంచి, భుజాలు ఎదుటి నుంచి, పాదాలు మళ్ళీ పక్క నుంచి. దాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, వీళ్ళకి చూడటం రాదు మాస్టారూ అన్నాను. ఆయనకి కోపం రాగా చూసింది ఆ ఒక్కసారే.

“వాళ్ళకి రాకపోవడం కాదు. కన్ను ఎదుటి నుంచి పూర్తిగా తెలుస్తుంది, పాదం పక్క నుంచి పూర్తిగా తెలుస్తుంది. మనిషిలో ఏదీ తరిగిపోకూడదని అలా వేశారు. హిమాలయ కొండసీమల పహాడీ చిత్రాల్లో తివాచీని పైనుంచి, దాని మీద కూర్చున్నవాళ్ళని పక్క నుంచి వేస్తారు. తివాచీ నకాషీ అంతా నీకు కనబడాలని. వాళ్ళది చేతగానితనమా?”

“మరి నా స్టూలు?” అన్నాను. ఎందుకడిగానో తెలియదు, గొంతు పూడుకుపోయింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బ్రూనెల్లెస్కీ గురించి చెప్పారు. పదిహేనో శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్ నగరంలో ఆ వాస్తుశిల్పి ఒక కట్టడాన్ని పలక మీద చిత్రించి, పలకకి రంధ్రం చేశాడు. చూసేవాడు పలక వెనక నుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మ చూడాలి. అచ్చం అసలు కట్టడంలాగే కనబడేది. “గొప్ప విద్య. నీకు నేర్పింది కూడా అదే. కానీ అది ఒంటి కన్ను, కదలని తల. మనకి రెండు కళ్ళున్నాయి, మెడ తిరుగుతుంది, లేచి అటుపక్కకి నడుస్తాం. నీ స్టూలు తప్పు అని నేనెప్పుడూ అనలేదు. ఎక్కడి నుంచి చూశావని మాత్రమే అడిగాను.”

ఆయన సొంత బొమ్మల్లో చాలావాటిలో ఎక్కడో ఓ చోట కాన్వాస్ ఖాళీగా ఉండిపోయేది. ఒకసారి అడిగేశాను, ఇది పూర్తి చెయ్యలేదేమని. జవాబుగా ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ సంగతి చెప్పారు. సెజాన్ 1899లో వొల్లార్ అనే చిత్రాల వ్యాపారి బొమ్మ వేస్తూ అతన్ని 115 సార్లు కూర్చోబెట్టాడట. వొల్లారే ఆ లెక్క చెప్పుకున్నాడు. అయినా చేతి మీద రెండు చిన్న చోట్లు రంగు లేకుండా మిగిలాయి. అడిగితే, అక్కడ ఏదో ఒక రంగు పెట్టేస్తే ఆ చోటు నుంచి మొదలుపెట్టి బొమ్మంతా మళ్ళీ వెయ్యాల్సి వస్తుందన్నాడట. “నాకూ అక్కడ ఏముందో ఇంకా కనబడలేదమ్మా. కనబడకుండా ఎలా వెయ్యను?” అన్నారు మాస్టారు.

నేను చిత్రకారిణిని కాలేదు. ప్రచురణ సంస్థల్లో ప్రూఫులు దిద్దుతూ ఇన్నేళ్ళూ బతికాను. ఆ పని నాకు ఆయన దగ్గరే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. తప్పు కనబడకపోవడానికి కారణం స్టూలు కథే. మాట తెలిసినదైతే కన్ను అక్షరాల మీద నుంచి జారిపోతుంది, మనసు అచ్చు వేసేసుకుంటుంది. థ కడుపులో చుక్క ఉందో లేదో చూడకుండానే అది థ అనుకుంటాం. బొమ్మను తలకిందులు చేసి నకలు తియ్యమనేవారు మాస్టారు. ముఖం ముఖమని తెలియకుండా పోయి గీతలు మిగలడానికి. నేను పేజీని కింది వాక్యం నుంచి పైకి చదువుతాను. అర్థం విడిపోయి అక్షరం మిగులుతుంది. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే, జవాబులో ఒక పేజీ మొత్తం “థ”లు రకరకాలుగా గీసి పంపారు.

ఒక్క విషయంలో మాత్రం మేమిద్దరం చివరిదాకా కలవలేదు. ఫొటోకి చూపు ఉండదని, అది ఒక్క క్షణమేనని ఆయన వాదన. సరైన వెలుగు కోసం రోజుల తరబడి కాచుకునే ఫొటోగ్రాఫర్ చూపు ఎక్కడికి పోతుందని నా వాదన. నాది ఇప్పటికీ అదే మాట.

రెండేళ్ళ కిందట ఆయన్ని చూడటానికి వెళ్ళాను. రెండు కళ్ళకీ శుక్లాలు. కుడి కంటికి ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి కావాలి. నన్ను చూడగానే క్షేమ సమాచారాలు కూడా అడగలేదు. “ఆ గోడ చూడమ్మా” అని ఎడమ కన్ను చేత్తో మూసుకున్నారు. “ఇప్పుడు నీలిగా ఉంది.” చెయ్యి మార్చారు. “ఇప్పుడు పాత కాగితంలా పసుపు. ఎన్నేళ్ళుగా పసుపులో బతుకుతున్నానో, నాకు తెలియనే లేదు.”

ఫ్రెంచి చిత్రకారుడు మోనే సంగతి ఆయనే గుర్తుచేశారు. 1890, 91లలో ఒకే రకం గడ్డివాములను వేరువేరు వేళల వెలుగులో పాతిక చిత్రాలు వేసిన మోనేకి ముసలితనంలో శుక్లాలు వచ్చాయి. 1923లో కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక అంతా నీలంగా కనబడుతోందని తల్లడిల్లిపోయాడు, రంగు కళ్ళద్దాలు పెట్టి చూడాల్సివచ్చింది. “ఆయన బాధపడ్డాడు. నాకు మాత్రం పండగలా ఉంది,” అన్నారు మాస్టారు.

కిటికీ దగ్గర బొమ్మలు ఆనించే ఈజిళ్ళు రెండు ఉన్నాయి. ఎదురుగా తెల్ల గుడ్డ మీద తెల్ల కప్పు. ఒక బొమ్మ పూర్తయింది, చల్లటి నీలి బూడిదలో, కుడి కంటితో చూసింది. రెండోది ఎడమ కంటిది, తేనెరంగు వెలుగులో, సగమే అయింది.

“ఆపరేషన్ పది రోజులు ఆగి చేద్దామని డాక్టరు గారిని బతిమాలాను. అది అయిపోతే ఈ పసుపు నాకు మళ్ళీ కనబడదు కదా.”

కుర్చీ దగ్గరికి లాక్కుని, కుడి కన్నుకి గుడ్డ కట్టుకున్నారు. నేను వెలుగుకి అడ్డంగా ఉన్నానని గమనించి పక్కకి జరిగాను.