పాత .32 రివాల్వర్: ఒక్క ఖాళీకి మూడు తుపాకులు

లైసెన్సులో ఒక ఆయుధానికే చోటు మిగిలింది, చూడాల్సినవి మూడున్నాయి. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషి పేరున రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ముచ్చటపడి ఒకటి కొని బీరువాలో పెట్టి, పేల్చడానికి ఇంకోటి కొంటామంటే కుదరదు. దాచుకునేదీ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లేదీ ఒకటే కావాలి.

క్యాలిబర్ (తూటా కొలత) గురించి ఆలోచించే పని లేదు. .38, .455 ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు లైసెన్సు మీద ఇవ్వని కొలతలు) కిందికి పోతాయి. మిగిలింది .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్. 1896లో వచ్చిన తూటా, 98 గ్రెయిన్ల (ఆరు గ్రాముల పైచిలుకు) సీసపు గుండు, చేతికి పెద్దగా తన్నదు. ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలు మన డీలర్ల దగ్గర దొరుకుతాయి. అయితే ఇదే కుటుంబంలో పొట్టి తూటా కూడా ఉంది. దానికోసం చేసిన పాత రివాల్వర్లలో లాంగ్ పూర్తిగా దిగదు. డమ్మీ తూటా సిలిండర్‌లో తూటాలు పట్టే ఆరు గదుల్లోనూ వేసి, సిలిండర్ ఎక్కడా రాసుకోకుండా తిరుగుతోందో లేదో చూడాలి.

మూడింట్లో ఒకటి వెబ్లీ అండ్ స్కాట్ మార్క్ 4, నికెల్ పూత వేసినది. రెండోది కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32, ఇది ఆ వెబ్లీ నమూనా మీద చేసిందే, రెండూ మధ్యలో విరిచి తెరిచే రకం. మూడోది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 30, సిలిండర్ పక్కకి వస్తుంది. మోడల్ నంబరు కొట్టి ఉందంటే 1957కి ముందుది కాదు. విదేశీ తుపాకుల దిగుమతి ఏనాడో ఆగిపోయింది కాబట్టి మన దగ్గర స్మిత్‌కి చెప్పే ధరలో సగం ఆ పేరుకే. ఆ సగాన్ని పట్టించుకోకుండా మెకానిజం చూడాలి.

ముందు తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ కళ్లతో చూడాలి. ఆ తర్వాతే మిగతా పని.

అన్నిటికంటే ముఖ్యం టైమింగ్. సిలిండర్ మీద బొటనవేలు కొంచెం అదిమిపెట్టి, హ్యామర్‌ని (తూటాని పేల్చే సుత్తిని) చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా ఎక్కేలోపే సిలిండర్ లాక్ పడాలి. ఒక గదికి సరిపోయింది కదా అని ఆపొద్దు, ఆరింటికీ చేయాలి. లాక్ ఆలస్యమైతే గది బ్యారెల్‌కి ఎదురుగా రాకముందే తూటా పేలుతుంది. గుండు అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకి చిమ్ముతుంది, పక్క లేన్‌లో ఉన్నవారికి తగులుతుంది. తర్వాత స్నాప్ క్యాప్స్ (మందులేని ఉత్తి తూటాలు) వేసి, హ్యామర్ ఎక్కించి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా హ్యామర్‌ని ముందుకి తోయాలి. జారి పడితే బేరం అక్కడితో సరి.

ఇక ఫీలర్ గేజ్, అంటే సన్నటి సందులు కొలిచే రేకులు. సిలిండర్‌కీ బ్యారెల్ వెనక అంచుకీ మధ్య సందు 0.10 నుంచి 0.20 మి.మీ. ఉంటే బాగున్నట్టే. సిలిండర్‌ని ముందుకి తోసి ఒకసారి, వెనక్కి తోసి ఒకసారి కొలిస్తే, ఆ రెంటి తేడాయే ముందువెనకల ఊగులాట. అది 0.08 దాటితే అరుగుదల ఎక్కువ.

వెబ్లీకి ముందు 0.10, వెనక 0.25 వచ్చింది. పైగా పిడి పట్టుకుని బ్యారెల్‌ని కిందికీ పైకీ ఆడిస్తే టక్కుమంటోంది. అంటే పైనున్న కొక్కెమో, కింది హింజో అరిగింది. విరిచి తెరిచే రకాన్ని ఒంటిచేత్తో విసురుగా మూసే అలవాటు దీనికి పెద్ద కారణం. నికెల్ కింద అక్షరాల అంచులు కరిగినట్టున్నాయి, స్క్రూ గుంటలు సాసరులా వంగాయి. పాలిష్ పట్టి, మళ్లీ పూత వేసిన గుర్తులివి. సేకరణకైనా దీనికి అడిగిన ధర ఎక్కువే.

కాన్పూర్‌ది 0.15, 0.20. ఊగులాట హద్దు దాటలేదు కానీ రెండు గదుల దగ్గర లాక్ ఆలస్యం. సిలిండర్ తిప్పే పంజా అరిగి ఉండొచ్చు. లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) సరిచేయగలడు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి.

స్మిత్ 0.13, 0.18. ఆరు గదులూ సరిగ్గా పడుతున్నాయి. అనుమానమల్లా బ్యారెల్ మీదే: వెలుగుకి పెట్టి చూస్తే నోటికి దగ్గర్లో ఉంగరం లాంటి నీడ. లోపల ఇరుక్కున్న గుండు వెనక మరో గుండు పేలిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బుతుంది. నూనె రాసిన మెత్తటి సీసపు గుండుని చెక్క కడ్డీతో తోసి చూస్తే తేలిపోతుంది. ఉబ్బు ఉన్నచోట చేతికి హఠాత్తుగా వదులు తెలుస్తుంది. అలా కాకపోతే అది మసే.

విశాఖలో ఇంకొక పరీక్ష తప్పదు. వాల్తేరు అప్‌ల్యాండ్స్ పాత ఇళ్లనుంచీ బీచ్ రోడ్డు ఫ్లాట్లనుంచీ వచ్చే తుపాకులకి పైన మెరుపుంటుంది, లోపల తుప్పుంటుంది. ఉప్పుగాలి తోలు ఒరలో చేరి అక్కడే ఉండిపోతుంది. గ్రిప్ పలకలు విప్పి ఫ్రేము చూడకుండా ధర మాట్లాడకండి. కొన్నాక ఒరలో నిల్వ వద్దు: పలచగా నూనె రాసి, బిగుతు డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి ఆరబెట్టాలి. నికెల్ పూత పెచ్చు లేచిన తుపాకీకి అమోనియా కలిసిన, బ్యారెల్ శుభ్రంచేసే సాల్వెంట్ తగలనివ్వొద్దు. పూత కింది రాగిని కరిగించి మిగతా పూతనీ లేపేస్తుంది.

కాగితాల సంగతి: లైసెన్సుదారు నేరుగా అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాలి. విశాఖ నగరంలో లైసెన్సు పనులు పోలీస్ కమిషనర్ కార్యాలయం ద్వారా. తుపాకీ మీది నంబరు అమ్మేవారి లైసెన్సు పుస్తకంలో ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబరు చెరిపినదాన్ని చేతిలోకి కూడా తీసుకోవద్దు, అది ఆయుధ చట్టం సెక్షన్ 8 కింద నేరమయ్యే వ్యవహారం.

ప్రస్తుతానికి వెబ్లీ జాబితాలోంచి పోయింది. సీసపు గుండు పరీక్షలో స్మిత్ నెగ్గితే అదే, లేకపోతే సరిచేయించిన కాన్పూర్‌ది. ఏది వచ్చినా రేంజ్‌లో మొదట గదులకి మార్కర్‌తో అంకెలు వేసి, 15 మీటర్ల దూరంలో, బల్ల మీద ఆనించి, ఒక్కో గది గుండ్లని వేరువేరు కాగితం మీద కొట్టాలి. అయిదు గదులు ఒకచోట పడి ఒకటి ఎప్పుడూ పక్కకి పోతుంటే తప్పు చేతిది కాదు, ఆ గదిది.